ఊ కొట్టినోళ్ళు

పాట యూట్యూబ్‌లో పెట్టిన రోజు వచ్చిన కామెంట్లన్నీ కలిపితే మూడు రకాలు. ఒకటి, నిప్పు బొమ్మలు. రెండు, "నెక్స్ట్ లెవెల్ మామా". మూడోది చుట్టాలది: "చాలా బాగుంది నాన్నా, చదువు కూడా చూసుకో". వీటిలో ఏదైనా సరే పాట చూడకుండానే రాసేయొచ్చు. కొందరు అలాగే రాశారని నా గట్టి అనుమానం. మా పాట నిడివి 3 నిమిషాల 40 సెకన్లు. అప్‌లోడ్ అయిన నిమిషానికే "ఎండింగ్ అదిరింది" అని ఒకడు పెట్టాడు.

చిన్నప్పుడు కథ చెప్పాలంటే నానమ్మ ఒక షరతు పెట్టేది, ఊ కొట్టాలి అని. ఊ ఆగితే కథ కూడా ఆగిపోయేది, మేం నిద్రపోయామని లెక్క. ఊ అంటే కథ బాగుందని కాదు, వింటున్నామని. పద్యనాటకాల్లో దీనికి పెద్దన్న "వన్స్ మోర్". జనం అలా అరిచారంటే నటుడు రాయబారం మధ్యలో ఉన్నా సరే ఆగి, హార్మోనియం ఆయన వైపు ఒక చూపు చూసి, పద్యం మళ్ళీ ఎత్తుకుంటాడు. మాకు ఆ భాగ్యం లేదు. మా పాట చూసేవాళ్ళు మెట్రోలో నిలబడి ఒకరు, క్లాసులో బెంచీ కింద ఫోన్ పెట్టుకుని ఒకరు. వాళ్ళ ఊ మాకు వినపడదు. దాన్ని గ్రాఫుల్లో వెతుక్కోవాలి.

పాట నలుగురం చేశాం. ఒకడు రాశాడు, ఒకడు ట్యూన్ కట్టి పాడాడు, ఒకడు ఎడిటింగ్, నేను కెమెరా. కెమెరా అంటే ఫోనే. జింబల్ ఒక సీనియర్ దగ్గర అప్పు. పాట పేరు 'సెకండ్ షిఫ్ట్'. రాసినవాడి డాడీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మీద పని చేస్తారు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ నుంచి వచ్చే మనవాళ్ళకి ఈ టైమింగులు చెప్పక్కర్లేదు: పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి మళ్ళీ ఆరు. సెకండ్ షిఫ్ట్ నడిచే ఇంట్లో పిల్లాడు స్కూలుకి పోయేటప్పుడు నాన్న నిద్రలో ఉంటాడు, వాడు తిరిగొచ్చేసరికి పనిలో ఉంటాడు. పాటంతా ఆ పిల్లాడి గొంతే. గడప దగ్గర చెప్పులుంటే నాన్న ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అంతకుమించి వాడికి తెలిసింది లేదు.

షూటింగ్ గురించి చెప్పుకోవాల్సినవి కొన్నే ఉన్నాయి. ఫ్యాక్టరీ లోపలికి ఫోన్ కూడా తీసుకెళ్ళనివ్వరు, ఇక షూటింగ్ మాట ఎవరు అడుగుతారు? రాత్రి పదికి గేటు బయట నిలబడ్డాం. షిఫ్ట్ వదలగానే బండ్లన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి చూడండి, ఆ హెడ్‌లైట్ల వరద మాకు ఫ్రీగా దొరికిన లైటింగ్. వాచ్‌మన్ వచ్చి "ఏ ఛానల్?" అన్నాడు. "ఛానల్ కాదంకుల్, కాలేజ్" అంటే ఆయన ముఖంలో ఆసక్తి ఆరిపోయింది. అప్పటిదాకా సర్దుకుంటున్న టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మెట్రో స్టేషన్లో తీయాలంటే పర్మిషన్ కావాలి, అందుకని కింద రోడ్డు మీద నుంచే పిల్లర్లనీ రైలునీ పట్టాం. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ కోసం మాత్రం రెండు రోజులు తెల్లారుజామున లేచాం. ఖాళీ స్కైవాక్ మీద మంచు, కింద మొదటి బస్సులు. పాటకి అదే ఓపెనింగ్, 20 సెకన్లు. పాట రికార్డింగ్ మా సింగర్ గదిలో, కిటికీలకి చద్దర్లు కట్టి. ఒకరోజు స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉంది. అవతల ఎవడో సిక్స్ కొట్టినప్పుడల్లా ఇవతల మాకు టేక్ పోయేది. చివరికి స్కోరు చూసుకుని, ఓవర్ల మధ్యలో పాడించాం.

చివర్లో ఒక షాట్ ఉంది. వాడి డాడీ ఇంటికొచ్చి పెరట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంటారు. సబ్బు సరిపోదు, గ్రీజు కదా, సర్ఫు పొడి వేసి రుద్దుతారు. నురగ నల్లగా కారుతుంది. ముఖం కనపడదు, ఆయనే వద్దన్నారు. 11 సెకన్లు. దానికి లైటింగ్ లేదు, ప్లానింగ్ లేదు. ఆయన ఎలాగూ కడుక్కుంటున్నారు, నేను ఫోన్ పట్టుకున్నాను.

ఇప్పుడు గ్రాఫ్ సంగతి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, యూట్యూబ్ స్టూడియోలో 'రిటెన్షన్' అని ఒక గీత ఉంటుంది. వీడియోలో ఏ సెకను దగ్గర ఎంతమంది మిగిలారో అది చూపిస్తుంది. ఎడమవైపు ఎత్తులో మొదలై కుడివైపు జారుతూ పోతుంది. మధ్యలో ఎక్కడైనా మళ్ళీ పైకి లేచిందంటే అక్కడ జనం వెనక్కి తిప్పి చూసుకున్నట్టు. 2021 నవంబర్ నుంచి డిస్‌లైకుల సంఖ్య చూసేవాళ్ళకి కనపడదు కానీ, ఛానల్ ఉన్నవాళ్ళకి ఈ స్టూడియోలోనే అదీ తెలుస్తుంది. మాకు తొమ్మిది. అందులో ఒకటి ఎవరిదో కూడా తెలుసు, కానీ హాస్టల్లో శాంతి ముఖ్యం.

మా గీత మొదటి 20 సెకన్లలోనే గుట్ట మీంచి దూకినట్టు పడింది. స్కైవాక్, మంచు, తెల్లారుజాము, అన్నీ ఆ లోయలో కలిసిపోయాయి. తర్వాత నెమ్మదిగా జారుకుంటూ పోయి చివర్లో, సరిగ్గా ఆ నల్లా దగ్గర, చిన్న మూపురంలా లేచింది. నిప్పు బొమ్మలు ఏమీ చెప్పలేదు కానీ ఈ మూపురం చెప్పింది. రెండో వారం నుంచి కామెంట్లు కూడా మారాయి. అసలు పరిచయం లేనివాళ్ళు రాయడం మొదలుపెట్టారు. "మా నాయన చేతులు కూడా ఇట్లనే ఉంటయ్." "పాపం, ఎంత కష్టం." "ఏడిపించావ్ బ్రో." ఆ "పాపం" అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు గానీ చాలాసార్లే వచ్చింది.

మా ఎడిటర్ వెంటనే ల్యాప్‌టాప్ తెరిచాడు. "మామా, స్కైవాక్ లేపేద్దాం. చేతులు ముందుకి తెద్దాం. ఫస్ట్ ఫైవ్ సెకండ్స్‌లో ఏడవాలె" అన్నాడు. లిరిసిస్టు ఒప్పుకోలేదు. పిల్లాడు పాటంతా ఎదురుచూస్తేనే కదా చివర్లో ఆ చేతులకి విలువ, ముందే చూపిస్తే ఇంక దేని కోసం ఎదురుచూడాలి అని వాడి వాదన. నాకు ఇద్దరి మాటా సబబుగానే అనిపించింది. గొడవ రెండు రోజులు నడిచింది, మధ్యలో ఒక ఇంటర్నల్ ఎగ్జామ్ కూడా రాశాం.

చేసినవాడు ఒకటి చూపిస్తే చూసేవాళ్ళు ఇంకొకటి ఇంటికి తీసుకెళ్ళడం కొత్తేం కాదు. మన నాచారంలోనే ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియోస్ ఉంది. ఆ రామకృష్ణా పతాకం మీదే 1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' వచ్చింది. పేరు కర్ణుడిది. ఎన్టీఆర్ అందులో కర్ణుడు, కృష్ణుడు, సుయోధనుడు మూడూ వేసి దర్శకత్వం కూడా చేశారు. జనం మాత్రం సుయోధనుణ్ణి ఎత్తుకెళ్ళారు. కొండవీటి వెంకటకవి ఆయనకి రాసిన డైలాగులు కాలేజీ డేల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్తూనే ఉన్నారు. కర్ణుడి డైలాగ్ చెప్తానని స్టేజీ ఎక్కినవాణ్ణి నేనింకా చూడలేదు.

మన కాలంలో అయితే 'బుల్లెట్టు బండి'. లక్ష్మణ్ రాసి, మోహన భోగరాజు పాడిన ఆ పాట 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పుడే జనానికి నచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ఆగస్టులో మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో పెళ్ళికొడుకు ముందు దానికి డ్యాన్స్ చేసింది. ఆ వీడియో ఫోన్ల మీద పడి ఊళ్ళన్నీ తిరిగాక ఆ పాట వేరే పాట అయింది. అప్పటి నుంచి తెలంగాణలో అది లేని బరాత్ లేదంటే కొంచెమే అతిశయోక్తి. దాన్ని వినడానికే చేసి ఉండొచ్చు, జనం దాన్ని పనికి పెట్టారు. నా లెక్కలో కామెంట్ అంటే అదీ.

మళ్ళీ మా నల్లా దగ్గరికి వద్దాం. ఇంత గొడవలో అందరినీ అడిగాం గానీ, ఆ చేతులు ఎవరివో ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళింట్లో పాట చూశారని తెలుసు. ఆంటీ రెండుసార్లు చూసి కళ్ళు తుడుచుకున్నారు, చెల్లెలు స్టేటస్ పెట్టింది. ఆయన చూసి ఫోన్ పక్కన పెట్టి అన్నం తిన్నారట. అంతే. ఒక ఆదివారం మేం నలుగురం వెళ్ళినప్పుడు నేనే అడిగాను, "అంకుల్, పాట ఎట్లుంది?" అని.

"మంచిగుంది బిడ్డా" అన్నారు. కాసేపాగి, "గని నేనేం జేస్తనో అండ్ల యాడుంది?" అన్నారు.

మాకు వెంటనే అర్థం కాలేదు.

"పోతున్న, వస్తున్న, చేతులు కడుక్కుంటున్న. నడిమిట్ల ఎనిమిది గంటలు ఏంజేసిన్నో లేదు. కింద అందరు పాపం పాపం అని రాసిండ్రు, పిల్ల సదివి ఇనిపించింది. నాకేం పాపం? వెంట్రుకల సగమంత తేడా వస్తె జాబ్ వాపస్ వస్తది. నా చేతి మీదికెల్లి పోయింది వాపస్ వచ్చుడు తక్వ. అది ఎవరికి తెలుస్తది?"

ఆయన కోపంగా చెప్పలేదు. చాయ్ తాగుతూ, లెక్క చెప్పినట్టు చెప్పారు. మా లిరిసిస్టు నేల చూస్తూ, "డాడీ, అది చిన్న పిల్లగాడు చూసింది గద. వానికి మిషన్ యాడ కనపడ్తది?" అన్నాడు. "అది గూడ కరెక్టే" అన్నారు ఆయన. నిజంగానే రెండూ కరెక్టే, ఆ మాట నేనిప్పటికీ అంటాను. పాటలో ఒక్క సెకను మార్చాలని నాకు అనిపించలేదు. ఎదురుచూసేవాడికి కనపడేది చెప్పులే. కానీ అన్ని వందల మంది చూసి కరిగిపోయిన చోట ఒక్క మనిషి మాత్రం, అదీ తెర మీద ఉన్న మనిషి, తనని చూడలేదన్నాడు. ఈ సంగతి ఏ గ్రాఫ్‌లోనూ పడదు. మూపురం ఎంత ఎత్తు లేస్తే ఆ "పాపం" అంత పెరుగుతుంది, ఆయన మాట అంత కిందికి పోతుంది. ఎడిటర్ ఆ రోజు నుంచి చేతుల్ని ముందుకు తెచ్చే మాట ఎత్తలేదు.

ఫ్యాక్టరీలోకి ఎలాగూ రానివ్వరు. మన వర్క్‌షాప్‌లో లేత్ ఉంది కదా. సార్‌ని అడిగితే, ఎవరో ఒకరు ఆ మిషన్‌ని సరిగ్గా వాడితే చూడాలని తనకీ ఉందన్నారు. ఒక శనివారం, ఆయనకి నైట్ షిఫ్ట్ ఉన్న వారం, మధ్యాహ్నం వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు, తర్వాత అది విప్పి సంచిలోంచి పాత చొక్కా తీసి తొడుక్కున్నారు. మిషన్ ఆన్ చేయకముందే టూల్ మీద బొటనవేలు ఆనించి చూశారు. "దీంతోని పిల్లలకి ఎట్ల నేర్పిస్తుండ్రు సార్?" అని, టూల్ తీసుకెళ్ళి గ్రైండర్ మీద పది నిమిషాలు పదును పెట్టుకున్నారు.

ఫస్ట్ ఇయర్‌లో మనందరం చేసిన జాబే, స్టెప్ టర్నింగ్. అప్పుడు మా బ్యాచ్‌కి మూడు గంటల ల్యాబ్ చాలలేదు, చివరికి రికార్డులో రాసిన కొలతకీ జాబ్ కొలతకీ సంబంధం లేదు. ఆయన చేతిలో ఇనుము సన్నటి చుట్టలు చుట్టలుగా జారింది, పుస్తకంలో 'కంటిన్యువస్ చిప్' అని బొమ్మ వేసిందే. మధ్యలో మిషన్ ఆపి, వెర్నియర్ పెట్టారు. సరిగ్గా ఉందన్నాం మేం. ఆ వెర్నియర్ కనిపెట్టగలిగే కనీస తేడా 0.02 మిల్లీమీటర్లు. ఆయన మళ్ళీ వేలితో తడిమి, "ఇంకొంచెం ఉన్నది" అని ఒక చిన్న కట్ వేశారు. సార్ మైక్రోమీటర్ తెప్పించి చూశారు, ఏం మాట్లాడకుండా జాబ్‌ని జేబురుమాలులో చుట్టి తన టేబుల్ మీద పెట్టుకున్నారు.

ఆ వీడియో 2 నిమిషాలు. పాట లేదు, కింద మాటలు లేవు, లేత్ చప్పుడే. దానికి టైటిల్ 'ఫస్ట్ ఇయర్ జాబ్'. ఈసారి ముఖం చూపించొచ్చన్నారు. పాటకి వచ్చిన వ్యూస్‌లో పదోవంతు కూడా రాలేదు. నిప్పు బొమ్మలు రెండే, రెండూ మా సింగర్ వేరే వేరే అకౌంట్ల నుంచి పెట్టినవి.

పాట లింక్ ఆయన ఎవరికీ పంపలేదు. ఇది మాత్రం అదే రాత్రి వాళ్ళ షిఫ్ట్ గ్రూపులో తనే పెట్టుకున్నారు. అక్కడ వచ్చేవి మా స్టూడియోలో కనపడవు. మర్నాడు లిరిసిస్టు వాళ్ళ డాడీ ఫోన్ తీసి చదివి వినిపించాడు. నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్న పెద్దాయన ఒకాయన రాశారట: "కట్ మంచిగున్నది. గని ఆ మిషన్‌కి ఆయిల్ పెట్టరా వాళ్ళు? ఆ చప్పుడేంది?"