దీవులకు దారి వాట్‌గంజ్ మీదుగా

కోల్‌కతా నుంచి అండమాన్‌కి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పొద్దున టిఫిన్ ఇక్కడ చేస్తే మధ్యాహ్న భోజనం సముద్రపు ఒడ్డున. సెలవులు తక్కువున్నవాళ్లకి అదే మేలు. కానీ నాలుగు రోజులు అదనంగా దొరికి, మాటలు తరగని స్నేహితుడొకడు వెంట ఉంటే మాత్రం ఓడలోనే వెళ్లాలి. ఆ ఓడ దారి వాట్‌గంజ్‌లో మొదలవుతుంది.

హుగ్లీ నదిలో ఆదిగంగ వచ్చి కలిసేచోట హేస్టింగ్స్ పేట దాటి, వంతెన మీదుగా ఖిదిర్‌పూర్‌లో అడుగుపెడితే నదివైపున్న పేట ఇది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క డాక్ గోడలు, మధ్యలో లారీలు, గోదాములు, ఇనప సామాన్ల కొట్లు, తాళ్లూ గొలుసులూ అమ్మే దుకాణాలు. టూరిస్టు పుస్తకాలు ఈ పేటని పట్టించుకోవు. విక్టోరియా మెమోరియల్ చూసి, హౌరా వంతెన చూసి వెనక్కి వెళ్లిపోయేవాళ్లకి ఇటు రావలసిన పనే ఉండదు. నా మటుకు నాకు కోల్‌కతాలో ఇంతకంటే చదవదగ్గ పేట ఇంకోటి కనిపించలేదు.

పేరు కల్నల్ హెన్రీ వాట్సన్‌ది. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్‌లో చీఫ్ ఇంజనీరు. 1780 ఆగస్టు 17న అలీపూర్‌లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్ సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లు పట్టుకుని ద్వంద్వయుద్ధానికి దిగినప్పుడు ఫ్రాన్సిస్ పక్షాన నిలబడింది ఈయనే. ఆయన అసలు ధ్యాస మాత్రం ఓడల మీద. ఈ ఒడ్డున ఓడలు కట్టే రేవు పెట్టి 1781లో ‘నాన్‌సచ్’నీ, 1788లో ‘సర్‌ప్రైజ్’నీ నీళ్లలోకి దించాడు. సొంత సొమ్ము లక్షల్లో పోసి చివరికి చేతులెత్తేశాడు. అదే 1781లో, ఇక్కడికి కాస్త దూరంలో, జమీందారు జయనారాయణ్ ఘోషాల్ భూకైలాస్‌లో రెండు శివాలయాలు కట్టించాడు. లోపల నల్లరాతి లింగాలు తలెత్తి చూడాల్సినంత ఎత్తు. చుట్టూ ఇళ్లు కమ్ముకున్నా గుడి కోనేటి గట్టున కూర్చుంటే డాక్ రొద వినిపించదు.

వాట్సన్ తరవాత ఆ పని అందిపుచ్చుకున్నవాళ్లలో జేమ్స్, రాబర్ట్ కిడ్ అన్నదమ్ములున్నారు. తండ్రి బ్రిటిష్ సైనికాధికారి, తల్లి ఈ దేశపు స్త్రీ. 1818లో వాళ్లు దించిన ‘హేస్టింగ్స్’ 74 ఫిరంగుల యుద్ధనౌక. ఆ అన్నదమ్ముల తండ్రి అలెగ్జాండర్ కిడ్డే 1793లో అండమాన్‌లో కంపెనీ పెట్టిన తొలి కాలనీకి అధికారిగా వెళ్లాడు. జబ్బులు జనాన్ని తినేస్తుంటే 1796లో ఆ కాలనీ ఎత్తేశారు. తండ్రి దీవిలో ఓడిపోయి తిరిగొచ్చాడు, కొడుకులు ఈ ఒడ్డున ఓడలు కట్టి పేరు తెచ్చుకున్నారు. వాట్‌గంజ్‌కీ దీవులకీ చుట్టరికం అంత పాతది.

ఇప్పుడు మనం చూసే ఖిదిర్‌పూర్ డాక్ 1892లో తెరిచారు. కరెంటు ట్రాం ఈ నగరంలో మొదట నడిచింది కూడా 1902లో ఎస్ప్లనేడ్ నుంచి ఖిదిర్‌పూర్‌కే. డాక్‌తోపాటు జనం వచ్చారు. బిహార్, ఒడిశా, తూర్పు బెంగాల్ నుంచి కూలీలు, కళాసీలు, సరంగులు. రేవున్న ప్రతి ఊళ్లోలాగే ఇక్కడా మున్షీగంజ్ వైపు ఆడవాళ్లు ఒళ్లమ్ముకుని బతికే వీధులున్నాయి. అవి వింతగా చూసే చోట్లు కావు. ఆ దారిన నడవాల్సివస్తే ఫోను జేబులో పెట్టుకుని తలొంచుకుని నడవడం మర్యాద.

నాతో వచ్చినవాడు ఖరగ్‌పూర్ తెలుగువాడు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, బెంగాలీ ఎంత ధాటిగా మాట్లాడతాడో శ్రీకాకుళం యాస అంత పదిలంగా దాచుకున్నాడు. “మా తాత బీఎన్నార్‌లో ఫైర్‌మన్‌రా. మా ఇంట్లో గార్డెన్‌రీచ్ అంటే ఢిల్లీ కంటే పెద్ద ఊరు. బదిలీ కాయితం వచ్చినా అక్కణ్నుంచే, పింఛను కాయితం వచ్చినా అక్కణ్నుంచే,” అన్నాడు. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడికి దగ్గర్లోనే, నది ఒడ్డున. ఇప్పుడది ఆగ్నేయ రైల్వే. ఆ రైలు పట్టాల వెంటే మనవాళ్లు విజయనగరం, శ్రీకాకుళం నుంచి బెంగాల్ చేరారు. మధ్యాహ్నం ఖిదిర్‌పూర్ కూడలి దగ్గర బంగాళాదుంప వేసిన బిర్యానీ తిన్నాం. అవధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో రాజ్యం పోగొట్టుకుని పక్కనే మటియాబుర్జ్‌లో స్థిరపడ్డాడు. ఈ బిర్యానీ ఆయన వంటవాళ్లతో వచ్చిందని ఇక్కడ అందరూ చెబుతారు.

తిన్నాక నది వెంట గార్డెన్‌రీచ్ వైపు నడిస్తే సూరినాం ఘాట్ వస్తుంది. ఒప్పంద కూలీలు ఓడలెక్కిన ఈ ఒడ్డున ఎవరైనా కాసేపు ఆగాలి. 1834లో ‘అట్లాస్’ ఓడ కలకత్తా నుంచి మారిషస్‌కి గిరిజన కూలీలను తీసుకెళ్లింది. 1845లో ‘ఫతల్ రజాక్’ ట్రినిడాడ్‌కి, 1873లో ‘లల్లా రూఖ్’ సూరినాంకి, 1879లో ‘లియోనిడస్’ ఫిజీకి బయల్దేరాయి. ఐదేళ్ల ఒప్పందం, చెరుకు తోట, నెలల తరబడి సముద్రం. ట్రినిడాడ్‌లో మే 30, ఫిజీలో మే 14 ఇవాళ్టికీ ఆ ఓడలు ఒడ్డు చేరిన రోజులుగా గుర్తుంచుకుంటారు. మన తెలుగువాళ్లు ఎక్కువమంది కోరంగి, మద్రాసు రేవుల నుంచి వెళ్లారు. దారి వేరైనా తోటలు అవే. ఘాట్ దగ్గర మూటలు పట్టుకున్న ఆలుమగల విగ్రహం ఉంది. ‘మాయీ బాప్’ అంటారు. 2015లో పెట్టారు, సూరినాంలో ఉన్న విగ్రహానికి ఇది జోడీ. మారిషస్, ఫిజీ ఇవాళ పెళ్లయిన జంటలు సెలవులకి వెళ్లే దీవులు. వాటి కొబ్బరితోటల ఫోటోలు చూసిన ప్రతివాళ్లూ ఈ మూటల్ని కూడా ఒకసారి చూడాలని గట్టిగా కోరుకుంటాను.

అండమాన్ దారిలోనూ ఏడుపు తక్కువేం కాదు. అలీపూర్ బాంబు కేసులో శిక్షపడ్డ విప్లవకారులు బారీంద్ర ఘోష్, ఉల్లాస్కర్ దత్తలను 1909లో ‘మహారాజా’ ఓడలో సెల్యులర్ జైలుకి తరలించారు. 1943 డిసెంబరు 5న జపాను విమానాలు పట్టపగలు ఈ డాక్ మీద బాంబులు వేస్తే చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది డాక్ కూలీలు. అప్పటికి అండమాన్ జపాను చేతిలోనే ఉంది. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను దీవుల్లో పొలాలిచ్చి స్థిరపరచడానికి తీసుకెళ్లిందీ కలకత్తా నుంచే.

ఓడ బయల్దేరే వేళ గడియారం చెప్పదు, నది చెబుతుంది. హుగ్లీలో ఆటుపోట్లకి నీటిమట్టం బాగా మారుతుంది కాబట్టి డాక్‌లో నీళ్లని గేట్లు వేసి నిలబెడతారు. పోటెక్కినప్పుడు ఓడని రెండు గేట్ల మధ్యనున్న లాక్‌లోకి తెచ్చి, లోపలి నీళ్లని నది మట్టానికి సరిచేసి, బయటి గేటు తీస్తారు. ఏడంతస్తుల ఇల్లు కదిలినట్టు ఓడ మెల్లగా జరుగుతుంటే పక్క గోడ చేతికందేంత దగ్గరుంటుంది. ఆ పైన నదిలో దారి చూపే పైలట్‌ది రాజ్యం. కోల్‌కతా నుంచి సముద్రం మొదలయ్యే శాండ్‌హెడ్స్ దాకా 200 కిలోమీటర్లకి పైనే, ఇసుకమేటలు చోటు మార్చుకునే నది. దామోదర్, రూప్‌నారాయణ్ కలిసేచోటున్న ‘జేమ్స్ అండ్ మేరీ’ మేట ఎన్నో ఓడల్ని మింగింది.

డైమండ్ హార్బర్, హల్దియా, సాగర్ ద్వీపం వెనకబడతాయి. నీళ్లు బురదరంగు నుంచి ఆకుపచ్చకి, తెల్లారేసరికి సిరా రంగుకి మారతాయి. బంక్ క్లాసులో వరస మంచాలు, ఇంజను వేడి, క్యాంటీన్లో పప్పూ అన్నం. పక్క మంచాలవాళ్లు దీవుల్లోని రంగత్, మాయాబందర్ వెళ్లే బెంగాలీ రైతు కుటుంబాలు, పుట్టింటికి వచ్చి వెళ్తున్న ఆడపిల్లలు. వాళ్లకి ఇది విహారం కాదు, ఊరికెళ్లే బస్సు లాంటిది. రాత్రి డెక్ మీద నా స్నేహితుడూ నేనూ చదువుకునే రోజుల నాటి సంగతులు మొదలుపెడితే ఒక్క ఫోనూ మోగలేదు, సిగ్నలే లేదు. సుమారు మూడు రోజులు అంత నిదానంగా మాట్లాడుకోవడం మళ్లీ ఎక్కడా జరగలేదు.

దీవి సంగతి కొంచెమే చెబుతాను, చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. 2024లో దీవుల రాజధాని పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. హేవ్‌లాక్ దీవి 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. అక్కడి రాధానగర్ బీచ్ ఇసుకకి వచ్చిన పేరు నూటికి నూరుపాళ్లూ న్యాయమైనది. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో 13 శాతం మాతృభాష తెలుగు. చేపల రేవుల్లో మన ఉత్తరాంధ్ర యాస చెవినపడితే ఆశ్చర్యపోకండి.

విశాఖ, చెన్నై నుంచి కూడా ఓడలు నడుస్తాయి. మనకి అవే దగ్గర. అయినా ఒక్కసారి కోల్‌కతా నుంచి వెళ్లండి. తేదీలు మారుతుంటాయి కాబట్టి టికెట్ చేతికొచ్చాకే సెలవు పెట్టండి, తిరుగు ప్రయాణానికి విమానం చూసుకోండి, గుర్తింపు కార్డు మరవకండి. ఓడకి ముందురోజు మొత్తం వాట్‌గంజ్‌కి కేటాయించండి. పొద్దున భూకైలాస్, సాయంత్రం సూరినాం ఘాట్. స్నేహితుణ్ని వెంటపెట్టుకు వెళ్లండి.