వేంగికి వచ్చిన విద్యార్థి

విద్య కోసం దేశాలు దాటి వెళ్ళటం నేటి యువతరంతో మొదలైన అలవాటు కాదు. పై చదువుల కోసం పరదేశానికి ప్రయాణమయ్యే తెలుగు విద్యార్థి మనస్సులో ఎన్ని ఆశలు, ఎన్ని సందేహాలు ఉంటాయో, అన్నిటినీ మూటగట్టుకొని దాదాపు పదునాలుగు శతాబ్దాలకు పూర్వం ఒక పరదేశి విద్యార్థి తెలుగునేలకు నడచి వచ్చాడు. ఆయన చూసిన తెలుగు రాజధాని వేంగి. ఏలూరుకు ఉత్తరంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగి గ్రామమే ఆనాటి వేంగీపురం. ఆ విద్యార్థి హ్యూయెన్‌త్సాంగ్. చరిత్ర గ్రంథాలు ఆయనను యాత్రికుడని పేర్కొంటాయి. కాని ఆయన ప్రయాణానికి ప్రేరణ దేశాలు చూడాలన్న వేడుక కాదు, చదువులో తీరని సందేహం.

చైనాలో ఆనాడు లభించిన బౌద్ధ గ్రంథాల అనువాదాలు కొన్నిచోట్ల అసంపూర్ణంగాను, కొన్నిచోట్ల పరస్పర విరుద్ధంగాను ఉండేవి. ఒక్కొక్క గురువు ఒక్కొక్క విధంగా అర్థం చెప్పేవాడు. మూలగ్రంథాలను అవి పుట్టిన దేశంలోనే చదవాలని ఆ యువభిక్షువు నిశ్చయించుకున్నాడు. దేశం విడిచి పోరాదని రాజశాసనం ఉన్నా లెక్కచేయక, క్రీ.శ. 629 ప్రాంతంలో రహస్యంగా బయలుదేరాడు. గోబీ ఎడారిలో నీటితిత్తి చేజారి నీరంతా ఇసుక పాలయింది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు గొంతు తడుపుకోవటానికి చుక్క నీరు లేక తపించాడు. వెనుకకు మరలి కొంతదూరం నడచి, అంతలోనే తన ప్రతిజ్ఞను తలచుకొని మళ్ళీ పడమటి ముఖం పట్టాడు.

కాశ్మీరంలోను, తరువాత మగధలోని నలందా మహావిహారంలోను ఆయన విద్యాభ్యాసం సాగింది. నలందలో వృద్ధాచార్యుడైన శీలభద్రుని వద్ద యోగాచారభూమిశాస్త్రాన్ని మూడు పర్యాయాలు విన్నాడు. అంతటితో తృప్తి చెంది స్వదేశానికి మరలిపోవచ్చు. కాని సింహళంలో గొప్ప పండితులున్నారని ఆయన విని ఉన్నాడు. అక్కడికి వెళ్ళటానికి తామ్రలిప్తి రేవు చేరి ఓడకోసం చూస్తుండగా, దక్షిణదేశపు భిక్షువు ఒకడు మంచిమాట చెప్పాడు. దీర్ఘమైన సముద్రయానం ప్రమాదకరమనీ, భూమార్గాన దక్షిణానికి పోతే సముద్రంపై మూడు దినాల ప్రయాణమే మిగులుతుందనీ, దారిలోని పుణ్యస్థలాలను కూడా చూడవచ్చుననీ అతని సలహా. ముక్కూమొగమూ తెలియని బాటసారి చెప్పిన ఆ మాటే హ్యూయెన్‌త్సాంగ్‌ను తెలుగునేలకు మళ్ళించింది.

కళింగం దాటి దక్షిణ కోసలం చేరినప్పుడు ఆయనకు తర్కశాస్త్రంలో నిష్ణాతుడైన ఒక బ్రాహ్మణుడు తారసపడ్డాడు. విద్యార్థి ప్రయాణం ఆపి, నెలకు పైగా అక్కడే ఉండి, అతని వద్ద ప్రమాణసముచ్చయం చదివాడు. అది దిఙ్నాగాచార్యుని ప్రసిద్ధ గ్రంథం. ఆ చదువు ముగించుకొని దక్షిణంగా నడిచి ఆంధ్రదేశంలో అడుగుపెట్టాడు. అది క్రీ.శ. 639 ప్రాంతం. గ్రంథం చదివిన విద్యార్థి, ఆ గ్రంథకర్త తపస్సు చేసిన కొండను చూడటానికి వచ్చినట్లయింది.

ఆయన తన గ్రంథంలో ఆంధ్రదేశాన్ని వర్ణించాడు. భూమి సారవంతమనీ, ఎండ తీవ్రమనీ వ్రాశాడు. రాజధాని చుట్టుకొలత సుమారు 20 లీలు. చైనాలో దూరాన్ని కొలిచే మానం లీ. దేశంలో ఇరవైకి పైగా సంఘారామాలు, వాటిలో సుమారు 3000 మంది భిక్షువులు ఉన్నారనీ, దాదాపు ముప్పయి దేవాలయాలు కూడా ఉన్నాయనీ లెక్క చెప్పాడు. నగరానికి సమీపంలో అంతస్తులతో, చిత్రమైన శిల్పాలతో అలరారే ఒక మహావిహారాన్ని, దాని ముందున్న ఎత్తైన శిలాస్తూపాన్ని ఆయన దర్శించాడు. ఆ రెండూ అచలుడనే అర్హతుడు కట్టించినవని అక్కడివారు చెప్పగా విన్నాడు.

ఆ విహారానికి నైరుతి దిక్కున ఒంటరిగా నిలిచిన కొండపై మరొక స్తూపం ఉంది. దిఙ్నాగుడు హేతువిద్యాశాస్త్రాన్ని రచించినది అక్కడేనని హ్యూయెన్‌త్సాంగ్ పేర్కొన్నాడు. మాట నిజమని ఎట్లా తేల్చాలి అన్నదే ఆ శాస్త్రం వేసే ప్రశ్న. భారతీయ తర్కంలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి చాలు. కొండపై పొగ కనిపించింది కనుక అక్కడ నిప్పు ఉన్నదని అంటాం. ఈ మాట నిలవాలంటే పొగ ఆ కొండమీద నిజంగా ఉండాలి. నిప్పు ఉన్న వంటశాల వంటి చోట అది కనబడాలి. నిప్పు లేని సరస్సు వంటి చోట ఎన్నడూ కనబడరాదు. మూడు పరీక్షలకూ నిలిచినదే సరియైన హేతువని దిఙ్నాగుడు నిర్ణయించాడు. కొల్లేటి సీమ విద్యార్థికి ఈ మూడవ పరీక్ష వేరుగా వివరించనక్కరలేదు. గట్టుమీది వంటింటి పొగకూ, తెల్లవారుజామున సరస్సుపై లేచే మంచుకూ గల భేదం అతడు పుట్టినప్పటినుంచి ఎరిగినదే.

పరదేశంలో విద్యార్థిని మొదట ఎదుర్కొనేది భాష. ఆంధ్రదేశపు మాట మధ్యదేశపు మాటకు భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు ఒకటేననీ హ్యూయెన్‌త్సాంగ్ గుర్తించాడు. ఏండ్ల తరబడి శ్రమించి సంస్కృతం నేర్చిన పండితుడు కూడా వేంగి వీథులలో కొత్త విద్యార్థియే. ఆయన చెవినపడిన ఆ మాట తెలుగు. వేంగి చాళుక్యుడైన మొదటి జయసింహవల్లభుని విప్పర్ల శాసనం ఆ శతాబ్దపు తెలుగుకు సాక్షిగా ఈనాటికీ నిలిచి ఉంది.

ఇక్కడి జనులు ఉగ్రస్వభావులని కూడా ఆయన వ్రాశాడు. ఈ మాట చదివిన తెలుగు పాఠకుని మనస్సు కొంత నొచ్చుకొనవచ్చు. అయితే అప్పటికి కొన్నేండ్లక్రితమే చాళుక్య రాజు రెండవ పులకేశి సేనలు ఈ సీమపై విరుచుకుపడ్డాయి. కునాల సరస్సు, అంటే నేటి కొల్లేరు, హతులైనవారి నెత్తుటితో ఎర్రబారిందని క్రీ.శ. 634 నాటి ఐహోలు శాసనం చెబుతుంది. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో కొత్త రాజ్యం నెలకొల్పాడు. యుద్ధపు గాయాలు మానని ప్రజలలో కొత్తవారి పట్ల కాఠిన్యం ఉంటే అది వింత కాదు. కొద్దిదినాల పరిచయంతో ఒక జాతి స్వభావాన్ని తేల్చటం అంత సులభం కాదు కదా! తరువాత కృష్ణాతీరంలోని ధాన్యకటకంలో నెలల తరబడి నివసించిన హ్యూయెన్‌త్సాంగే, అక్కడివారిని గురించి వ్రాస్తూ, ఉగ్రస్వభావులన్న మాట పక్కనే విద్యాప్రియులన్న మాటను కూడా చేర్చాడు.

ధాన్యకటకం చేరేనాటికి అక్కడి విహారాలు చాలావరకు పాడుపడి ఉన్నాయి. ఇరవై మాత్రం నిలిచి ఉన్నాయి. వాటిలో వేయిమంది వరకు భిక్షువులు మిగిలారు. వైభవం తరిగిపోతున్న ఆ నగరంలోనే ఆయనకు విలువైన చదువు దొరికింది. సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు మహాసాంఘిక శాఖ అభిధర్మంలో దిట్టలు. హ్యూయెన్‌త్సాంగ్ కొన్ని నెలలు అక్కడే ఉండి వారివద్ద ఆ శాస్త్రం నేర్చుకున్నాడు. వారు ఆయన వద్ద మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అన్న భేదం ఆ చదువులో లేదు. అతిథి రిక్తహస్తాలతో రాలేదు, ఆతిథేయులు అహంకారంతో బోధించలేదు. చివరకు ఆ ఇద్దరూ ఆయనతో కలిసి పుణ్యస్థలాల యాత్రకు బయలుదేరారు. వారి పేర్లు నేటివరకు నిలిచి ఉండటానికి కారణం హ్యూయెన్‌త్సాంగ్ శిష్యుడు హుయ్‌లీ రచించిన జీవితచరిత్ర.

ఇంతదూరం నడిచినా సింహళయాత్ర నెరవేరలేదు. కాంచీపురంలో ఆ ద్వీపం నుంచి వచ్చిన భిక్షువులు కనిపించి, తమ రాజు మరణించాడనీ, దేశంలో కరవు వచ్చిందనీ తెలిపారు. వారిని శాస్త్రవిషయాలు అడిగి చూస్తే, శీలభద్రుడు చెప్పిన దానికి మించినది లేదని తేలింది. ఏ గమ్యం కోసం ఆ దారి పట్టాడో ఆ గమ్యం అందలేదు. దారిలో నేర్చినదే చివరకు మిగిలింది.

తిరుగు ప్రయాణంలో సింధునది దాటుతుండగా పడవ ఒరిగి యాభై గ్రంథాలు నీటిపాలయ్యాయి. అయినా 645లో 657 గ్రంథాలతో ఆయన చాంగాన్ నగరం చేరుకున్నాడు. స్వదేశం చేరిన తరువాత కూడా భారతదేశంలోని మిత్రులను మరవలేదు. బుద్ధగయలోని పండితులకు ఉత్తరం వ్రాసి, నదిలో పోయిన గ్రంథాల పేర్లు తెలిపి, వీలైతే పంపవలసిందని కోరాడు. 664లో మరణించేవరకు ఆయన అనువాదాలు సాగాయి.

ఆ అనువాదాలలో దిఙ్నాగుని న్యాయముఖం ఒకటి. ఆయన దానిని 649లో చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన వద్ద చదివిన దోషో అనే భిక్షువు ద్వారా ఆ విద్యాసంప్రదాయం జపానుకు చేరింది. కాలక్రమంలో న్యాయముఖం సంస్కృత మూలం నశించింది. చైనా అనువాదం మాత్రం నిలిచింది. 1930లో ఇటలీ పండితుడు తుచ్చి దాని ఆధారంగానే ఆ గ్రంథాన్ని ఆంగ్లంలో ప్రకటించాడు. పుట్టిన దేశం పోగొట్టుకొన్న ధనాన్ని ఒకనాటి అతిథి విద్యార్థి తన భాషలో పదిలపరచి తిరిగి లోకానికి అందించాడన్నమాట.

పెదవేగిలో నేడు అంతస్తుల విహారం లేదు. హ్యూయెన్‌త్సాంగ్ చూసిన వైభవాన్ని ఆయన వ్రాతలలోనే చదువుకోవాలి. ఊరికి కొత్తగా వచ్చిన విద్యార్థికి ఆశ్రయమిచ్చి, తెలిసినది చెప్పి, తెలియనిది అతనిని అడిగి నేర్చుకొనటం ఆనాటి తెలుగు భిక్షువులకు చిన్నవిషయంగా తోచి ఉండవచ్చు. ఆ చిన్నవిషయం వల్లనే వారి నగరాలు, వారి విద్య, వారి పేర్లు కాలప్రవాహంలో కొట్టుకొనిపోక మిగిలాయి. దేశాంతరం వెళ్ళే విద్యార్థి తనవెంట తీసుకొని పోవలసినదీ, దేశాంతరం నుంచి వచ్చిన విద్యార్థికి చూపవలసినదీ ఈ వినయమే.