మాట్లాడకూడని రోజు

మా పిల్లల గాయక బృందంలో ఒక నియమం ఉంది. ఒక దేశం నుంచి మరో దేశానికి ప్రయాణం చేసే రోజు ఎవరూ మాట్లాడకూడదు. గుసగుసలు కూడా కుదరవు. వాటివల్ల గొంతు ఇంకా అలసిపోతుందని మాస్టారి నమ్మకం. నీళ్లు తాగుతూ ఉండాలి, ఏసీ గాలి మొహం మీద పడకూడదు, ఐస్‌క్రీమ్ ఊసెత్తకూడదు. సికింద్రాబాద్‌లో తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు అందరం నవ్వేశాం. 31 మంది పిల్లలు మూడు గంటలు నోరు మూసుకుని కూర్చుంటారా?

2024 జూలైలో వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు బస్సెక్కిన ఉదయం మాత్రం ఆ నియమమే నన్ను కాపాడుతుందనుకున్నాను. మా అబ్బాయి కూడా అలాగే అనుకున్నాడు.

వాడికి పద్నాలుగేళ్లు. బృందంలో పై స్వరం వాడిది. మాస్టారు మన జోలపాట ఒకదాన్ని నాలుగు స్వరాలకు కూర్చారు. అందులో సోలో కూడా వాడిదే. ఆ పాట బుడాపెస్ట్ కార్యక్రమంలో ఉంది. వియన్నాలో రెండో రాత్రి బాత్‌రూమ్‌లో కుళాయి విప్పి, ఆ చప్పుడులో వాడు ఆ పాటే పాడుకోవడం విన్నాను. పై షడ్జమం దగ్గరకు రాగానే గొంతు రెండుగా చీలింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అదే. బయటికొచ్చి నన్ను చూసి, "సార్‌కి చెప్పకమ్మా" అన్నాడు.

నేను చెప్పలేదు. పిల్లల వెంట వచ్చిన నలుగురు పెద్దల్లో ఒకరిగా చెప్పాల్సింది. కానీ ఈ పర్యటన కోసం మా ఆయన పీఎఫ్ డబ్బు తీశారు. ఆ డబ్బులో ఆ సోలోకూ వాటా ఉందన్న ఆలోచన నాకు లేదని చెప్తే అబద్ధమే.

బయలుదేరే ముందురోజు వియన్నా రాజప్రాసాదంలోని ప్రార్థనాలయం చూశాం. కుర్రవాడుగా షూబర్ట్ అక్కడ పాడాడట. స్వరం మారాక బృందం వదిలి వెళుతూ, తాను పాడే కాగితం మీద 'షూబర్ట్ చివరిసారి కూసిన రోజు' అంటూ 1812 జూలై 26 తేదీ వేసుకున్నాడు. అంతకు ముందు అదే ఊళ్లో సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో పాడిన హైడన్‌నూ స్వరం మారాక పంపించేశారు. కోడిలా కూయడమన్న మాటకు పిల్లలంతా పగలబడి నవ్వారు. మావాడు చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

బస్సు కదిలాక మాస్టారి నియమం పిల్లలకు ఆటైపోయింది. సరిగమల్లో ఒక్కో స్వరానికీ ఒక్కో చేతి గుర్తు ఉంది. వాటి మూలం ఇంగ్లండ్‌లో కర్వెన్ పద్ధతి, సంగీత పాఠాల్లోకి తెచ్చి ప్రపంచానికి చాటింది హంగరీ స్వరకర్త కొడాయ్ పేరుతో వచ్చిన పద్ధతి. మేం వెళుతున్నది ఆయన దేశానికే. ముందు సీట్లో ఒక అమ్మాయి చేతులతో వరస చూపిస్తుంటే వెనక వాళ్లు అదేం పాటో కనిపెట్టి మూగగా చప్పట్లు కొట్టేవారు. కిటికీ బయట గాలిమరలు. మావాడు కళ్లు మూసుకున్నాడు, నిద్రపోలేదు.

పాస్‌పోర్టులన్నీ నా చేతిసంచిలోనే ఉన్నాయి. వీసాల కోసం మేం పోగేసిన కాగితాలు ఇంకో సంచెడు. తీరా సరిహద్దు దగ్గర అడిగే నాథుడే లేడు. 2007 డిసెంబర్ 21న హంగరీ షెంగెన్‌లో చేరినప్పటి నుంచి అంతేనట. హెగ్యెష్‌హలోమ్ అని బోర్డు కనిపించింది, దేశం మారిపోయింది. సంచి జిప్పు మీద నుంచి చెయ్యి తియ్యడానికి నాకు ఇంకో పది కిలోమీటర్లు పట్టింది.

కాసేపటికి పెట్రోల్ బంకు దగ్గర ఆపారు. యూరోలు పోయి ఫోరింట్లొచ్చాయి, నీళ్ల సీసా ధర వందల్లో. మా అబ్బాయి కౌంటర్ దగ్గర వేలితో చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చూపించాడు. చివరికి నోరు తెరిచి "వాటర్" అన్నాడు. మాట మొదటి సగం ఎవరో పెద్దమనిషిది, రెండో సగం కోడిపిల్లది. వెనక వరసలో ఉన్న పిల్లలు నియమం మరిచి ఘొల్లుమన్నారు. వాడు సీసా అక్కడే వదిలేసి బస్సులోకి పరుగెత్తాడు.

నేను మాస్టారి దగ్గరకు వెళ్లి చెప్పబోయాను. ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని, జేబులోని పుస్తకం తీసి రాశారు: 'తెలుసమ్మా. హైదరాబాద్‌లోనే తెలుసు.' నాకు ఒళ్లు మండిపోయింది. తెలిసి తెలిసి పిల్లాణ్ని ఇన్ని రోజులు ఇలా వదిలేస్తారా?

ఆయన బస్సెక్కి మావాడి సీటు పక్కన నిలబడ్డారు. నడుము దగ్గర పిడికిలి బిగించి చూపించారు. బెదిరిస్తున్నారనుకుని నేను ముందుకు అడుగేశాను. తర్వాత గుర్తొచ్చింది, అది కింది 'స'కు గుర్తు. పాట అంతా అడుగున నిలిచే శ్రుతి. మావాడు ఆ పిడికిలి వైపు చూసి, మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

సోలోను నెల క్రితమే పదకొండేళ్ల అమ్మాయికి నేర్పి ఉంచానని మాస్టారు బుడాపెస్ట్‌లో చెప్పారు. స్వరపేటిక పెరిగి తంత్రులు సాగే వయసులో పై స్వరాల కోసం అరిస్తే చేటని, శ్రుతి దాదాపు ఒక స్థాయి దిగుతుందని, నెలలు పడుతుందని వివరించారు. మరి వాడికెందుకు చెప్పలేదంటే, "వాడే వచ్చి చెబుతాడని చూశాను" అన్నారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

గదులు దొరికేసరికి సాయంత్రం ఏడయింది, మన దగ్గర పదిన్నర. మావాడు అప్పటికీ నోరు విప్పలేదు. నియమం వల్లా, బాధవల్లా అన్నది తెలియలేదు. వారం రోజులుగా వాళ్ల నాన్నకు మెసేజీలే తప్ప మాట్లాడింది లేదు. నేను ఫోన్ కలిపి వాడి చేతికిచ్చాను. స్పీకర్‌లో మా ఆయన నా పేరు పెట్టి పిలిచారు.

"హలో" అన్నాడు వీడు.

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత కంగారుగా, "ఎవరండీ మీరు? ఈ ఫోన్ మీ చేతికెలా వచ్చింది?"

వాడు నా వైపు చూశాడు. ఆ రోజు వాడు నవ్వడం అదే మొదటిసారి.