వాలమూరు ఒడ్డున మావయ్యతో ఒక రాత్రి

మా పిఠాపురం వాళ్లకి వీకెండ్ అంటే ఉప్పాడ బీచ్. చుట్టాలొస్తే పాదగయ. పక్కనే ఏలేరు ఉన్నా దాని ఒడ్డున టెంట్ వేసుకుందామని ఎవరికీ తోచదు. 2024 సెప్టెంబర్‌లో ఆ ఏరే పొంగి పిఠాపురం, గొల్లప్రోలు వైపు పొలాల్ని ముంచేసింది. అందులో మా మావయ్య వరి చేను కూడా ఉంది. అలాంటి మనిషిని క్యాంపింగ్‌కి రమ్మంటే ఏమంటారు?

"ఏటి పక్కన పడుకోడానికి డబ్బులు కట్టాలా అల్లుడూ? మా ఇంటికైతే అదే ఫ్రీగా వస్తాది."

అయినా వచ్చారు. మేం వెళ్లింది మారేడుమిల్లి దగ్గర అటవీ శాఖ వాళ్ల జంగిల్ స్టార్ క్యాంప్. పెద్దాపురం, గోకవరం మీదుగా వెళ్లి రంపచోడవరం దాటితే ఇక అంతా అడవే. వాలి, సుగ్రీవులు కొట్టుకున్నది ఇక్కడేనని అక్కడివాళ్లు చెబుతారు. ఒడ్డున టెంట్లు, కింద రాళ్ల మధ్య గలగలా వాలమూరు వాగు. సిగ్నల్ మాత్రం అడక్కండి.

నేను ఫోటోలు తీస్తుంటే, మావయ్య చెట్ల కొమ్మలు చూస్తున్నారు. నా ఛాతీ ఎత్తున ఎండుటాకులు, పుల్లలు చిక్కుకుని ఉన్నాయి. "వాగు అక్కడిదాకా వచ్చిందిరా. ఇది దాని ఇల్లు, మనం చుట్టాలం" అన్నారు.

సాయంత్రం నాలుగింటికి ఒక కుర్రాళ్ల గ్యాంగ్ వాగు మధ్యలో రాయెక్కి, స్పీకర్ పెట్టుకుని కూర్చుంది. మా మీద చినుకు కూడా లేదు, పైన కొండ మీద మాత్రం నల్లగా ఉంది. కాసేపటికి తేటనీళ్లు ఎర్రబారాయి. మావయ్య లేచి ఒకటే కేకలు. వాళ్లు విసుక్కుంటూనే ఒడ్డుకొచ్చారు. తర్వాత ఆ రాయి సగం మునిగింది. పెద్ద వరదేం కాదు. కానీ తిరిగి రావాల్సిన దారి పోయింది.

ఏలేశ్వరంలో 24 టీఎంసీల రిజర్వాయర్ ఉంది కాబట్టి గేట్లు ఎత్తే ముందు ఎంతోకొంత కబురొస్తుంది. వాగుకి గేట్లుండవు, నోటిఫికేషనూ రాదు. నీళ్ల రంగు మారడం, ఆకులు కొట్టుకురావడం, చప్పుడు పెరగడం, ఇవే మెసేజ్‌లు. మీరు వెళ్తే నవంబర్ తర్వాత వెళ్లండి, టెంట్ ముందే బుక్ చేసుకోండి. బొంగులో చికెన్ మారేడుమిల్లిలో వేడివేడిగా తినండి, ప్లాస్టిక్ మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

పొద్దున్నకి వాగు తేరుకుంది. మావయ్య లుంగీ పైకి కట్టి, ఒడ్డు పక్కనే మోకాలి లోతు నీళ్లలో రాయి మీద అరగంట కూర్చున్నారు. నీళ్లలో పనేమీ లేకుండా కూర్చోడం ఇదే మొదటిసారట. ఆ తర్వాత, టీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.