అలిపిరి మజిలీ

రైలు రాక మునుపును, వచ్చిన పిమ్మట చాలకాలము వరకును, చిత్తూరు సీమ పల్లెలనుండి తిరుపతికి గూడుబండ్ల మీదనే కుటుంబములు వచ్చుచుండెడివి. ఇల్లంతయు చక్రములపై కెక్కినట్లుండెడి ఆ ప్రయాణమును గూర్చి పెద్దలు ముచ్చటగా చెప్పుకొందురు. అందు ఇల్లాలి పాలెంతయో మాత్రము అరుదుగా వినవచ్చును.

వెదురు గూటి క్రింద వరిగడ్డి మెత్తగా పరచి, పైన జంపఖానా వేసిన అదియే పడకటిల్లు. బియ్యము, చింతపండు, అటుకులు, ఎద్దులకు ఉలవలు, తవుడు, ఇరుసునకు కందెన, అన్నిటికిని అందే చోటు. పసుపుగుడ్డలో కట్టిన ముడుపు మాత్రము ఇల్లాలి యొడిలో నుండెడిది. ఎండ ముదరక ముందే ఒక తోపు చేరి, కాడి దింపి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజవేయవలెను. శ్రీకాళహస్తి వైపునుండి వచ్చువారికి స్వర్ణముఖి దాపున నుండును. ఏటిలో నీరు కానరాకున్నను ఇసుకలో చెలమ తీసినచో తేటనీరూరును. మొదట ఎద్దులకు, తరువాత పిల్లలకు, ఆపైన వంటకు. ఇల్లాలు తాగుట ఎప్పుడో చెప్పనక్కరలేదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, తిరుపతి మీదుగా కడప సీమకు సాగిరి. దారిలోని మజిలీలయందు నీటి వసతి యెట్టిది, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని వారు శ్రద్ధగా వ్రాసియుంచిరి. వారిది పల్లకీలు, పరివారము గల ప్రయాణము. బండిలో వచ్చిన అవ్వలు పుస్తకము వ్రాయలేదు గాని, ఏ బావి నీరు ఉప్పు, ఏ సత్రమున దొంగల భయము అను లెక్కలన్నియు వారి నోటనే యుండెడివి. అవి కాగితమున కెక్కకపోవుట మనకు నష్టమే యని మా యభిప్రాయము.

అలిపిరి కడ చక్రము నిలిచిపోయెడిది. ‘అడి’ యనగా అడుగు, ‘పుళి’ యనగా చింత. ఆ రెండును కలసిన మాటయే అలిపిరి యైనదని కొందరందురు. ఇచ్చటి చింతచెట్టు నీడను శ్రీరామానుజులు తిరుమలనంబి వద్ద రామాయణార్థములు వినిరని వైష్ణవ సంప్రదాయము. ఇచటినుండి సుమారు 3550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. నడవలేని వారికి డోలీలుండెడివి. కూలి యిచ్చుకొనగలవారికే అవి.

మరి ఎద్దులను, బండిని విడిచి అందరును కొండ యెక్కుట యెట్లు? ఎవరో ఒకరు క్రింద నిలువవలసినదే. పాలు తాగు బిడ్డ గల తల్లియో, మోకాళ్లు పట్టుకొన్న ముసలమ్మయో ఆ పని మీద వేసికొనెడిది. రెండు మూడు దినములు ప్రయాణము చేసి వచ్చి, కొండ మొదట కూర్చుండి, తనవారు మెట్లెక్కిపోవుట చూచుచుండుట ఎట్టిదో మన సోదరీమణులు ఊహింపగలరు. వారికి పాదాలమండప మొకటి కలదు. స్వామి పాదుకలను తలపై నుంచుకొని ప్రదక్షిణము చేయుట అచటి ఆచారము. కొండ యెక్కువారు మొదటి మ్రొక్కుగా చేయు ఆ పనియే, నిలిచిపోయినవారికి దర్శనమంతయు. దాపుననే కపిలతీర్థమున్నది, వానలు కురిసిన దినములలో నీరు కొండపైనుండి దూకుచుండును. స్నానమైనను దక్కెడిది గదా!

1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరచిరి. రెండవది 1974లో ఏర్పడినది. ఇప్పుడు పసిబిడ్డ తల్లియు బస్సులో కొండకు పోవుచున్నది. అయినను వాహనములన్నియు అలిపిరి తనిఖీ కడ ఒకమారు ఆగవలసినదే. మెట్లదారిని పోవువారు మూటలిచ్చినచో దేవస్థానమువారు వాటిని పైకి చేర్చుచున్నారు. మూటల కాపలాకు ఎవరును మిగులనక్కరలేదు. మొన్న మేము పోయినపుడు, మెట్ల మొదట ఒక ముసలమ్మ చేతులూపుకొనుచు నిలుచుండి, కొడుకుతో, “సామాన్లు పోయినాయి, ఇంక నన్నెవరాపుతారు, పద నాయనా!” అనుచుండెను.