క్రోనో కొంటున్నారటగా!

ఏమండీ వదినగారూ, అన్నయ్యగారు క్రోనోగ్రాఫ్ కొంటున్నారటగా? ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి. ఈ టెక్సస్‌లో ఇంటికీ ఇంటికీ మధ్య ఉండేది చెక్క కంచె. ఆయనేమో బ్యాక్‌యార్డ్‌లో నిలబడి ఫోను స్పీకర్‌లో పెట్టి మాట్లాడతారు. ఇక నా చెవులు నేనెక్కడ దాచుకోను? పొయ్యి మీద కూరుంటే కట్టేసి రండి. ఇది ఐదు నిమిషాల్లో తేలే కబురు కాదు.

మీరింకా ఆ వస్తువుని చూసి ఉండరు. తుపాకీ గొట్టంలోంచి బయటపడ్డ బుల్లెట్ సెకనుకి ఎన్ని అడుగులు పోతోందో చెబుతుంది, అంతే దాని పని. షూటింగ్ రేంజ్‌లో అందరూ ముద్దుగా క్రోనో అంటారు. మావారు కొత్తగా రేంజ్‌కి వెళ్ళే రోజుల్లో నేనూ అడిగాను. "గురి కుదిరిందో లేదో కాగితం మీద చిల్లు చెబుతుందిగా, మధ్యలో ఈ వేగంతో మీకేం పని?" అని. అడిగిన పాపానికి పాఠం మొదలైంది. కాఫీ చల్లారిపోయింది గానీ పాఠం అవలేదు. మీకు కాస్త కుదించి చెబుతాలెండి.

వంద గజాల దూరానికైతే నిజంగానే పెద్ద పని లేదు. దూరం పెరిగేకొద్దీ అసలు సంగతి బయటపడుతుంది. బుల్లెట్ పోతున్నంతసేపూ కిందికి జారుతూనే ఉంటుంది కదా. .308 లాంటి రైఫిల్‌తో వెయ్యి గజాలు కొట్టేటప్పుడు, వేగంలో సెకనుకి 50 అడుగులు తేడా వస్తే చాలు, అడుగు పైనే కిందో మీదో తగులుతుంది. అందుకే ఫోన్లో లెక్కలు కట్టే యాప్‌లు ముందుగా అడిగేవాటిలో ఈ వేగం ఒకటి. "డబ్బా మీద అచ్చేశారుగా" అంటారేమో. ఆ అంకె కంపెనీవాళ్ళ టెస్ట్ బ్యారెల్‌ది. రైఫిల్ తూటాలకి అది తరచు 24 అంగుళాలుంటుంది. మనింట్లో ఉన్నది 16 అంగుళాలదైతే ఆ వేగం మనకెలా వస్తుంది? డబ్బా మీది అంకెని నమ్ముకుని వెళ్ళినవాళ్ళు గాలిని తిట్టుకుంటూ తిరిగొస్తారు. పాపం గాలికేం తెలుసు.

అన్నయ్యగారు పిస్టల్ పోటీల వైపు మళ్ళారనుకోండి, అప్పుడు వేగం పరువుకి సంబంధించిన సంగతి. యూఎస్‌పీఎస్‌ఏ అని ఇక్కడ ప్రాక్టికల్ షూటింగ్ పోటీలు నడిపే సంస్థ ఉంది. వాళ్ళకి పవర్ ఫ్యాక్టర్ అని ఒక లెక్క. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో తీసుకుని, వేగంతో గుణించి, వెయ్యితో భాగిస్తారు. మైనర్ అనిపించుకోవాలంటే 125 రావాలి, మేజర్‌కి 165. ఇప్పుడు 124 గ్రెయిన్ల బుల్లెట్ సరిగ్గా 1,000 అడుగుల వేగంతో పోయిందనుకోండి. ఎంతొచ్చింది? 124. ఒక్కటంటే ఒక్కటి తక్కువ! పెద్ద మ్యాచ్‌ల్లో నిర్వాహకులే మన తూటాలు కొన్ని తీసుకుని వాళ్ళ క్రోనో మీద చూస్తారు. మైనర్ కూడా అందకపోతే సరదాకి కాల్చుకోనిస్తారు గానీ స్కోరు ఇవ్వరు. తెల్లారకుండా లేచి, గంటలకొద్దీ కారు నడుపుకుంటూ వెళ్ళి, స్కోరు లేకుండా ఇంటికొచ్చిన మగాడి మొహం మీరింకా చూడలేదు. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైందని కూడా ఆయనకి తెలీదు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఇంట్లోనే 130 దగ్గర పడేలా చూసుకుని మరీ బయల్దేరతారు.

ఈ వేగం కొలిచే పిచ్చి ఇప్పటిది అనుకునేరు. బెంజమిన్ రాబిన్స్ అని ఒక ఇంగ్లీషాయన 1742లోనే దీని మీద పుస్తకం వేశాడు. బరువైన దిమ్మని వేలాడదీసి, దాంట్లోకి తుపాకీ పేల్చి, దిమ్మ ఎంత ఊగిందో ఒక రిబ్బనుతో కొలిచి, అందులోంచి గుండు వేగం రాబట్టాడు. సెకనుకి 1,600 అడుగుల పైమాటేనని తేలింది. గాలి దాన్ని ఎంతలా ఆపుతుందో కూడా చూపించేసరికి, గాలి అడ్డు పెద్ద లెక్కలోది కాదనుకునేవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆయిలర్ అంతటి గణితవేత్త 1745లో ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి మార్చి, మూలం కన్నా పెద్ద వ్యాఖ్యానం తగిలించాడు. ఇంతకీ ఆ రాబిన్స్ చివరికి ఎక్కడ పోయాడనుకున్నారు? మన వైపే! ఈస్టిండియా కంపెనీ వాళ్ళు కోటల పని చూడమని పంపిస్తే 1750లో వచ్చాడు. ఏడాది తిరిగి 1751లో, కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరమొచ్చి పోయాడు. మావారికి ఈ సంగతి నేనే చెప్పాను. రేంజ్‌లో ఇప్పుడు తనే కనిపెట్టినట్టు అందరికీ చెబుతున్నారు.

ఆ తర్వాత 1860ల్లో బెల్జియం సైనికాధికారి లె బూలాంజె ఇంకో చిత్రమైనది చేశాడు. గుండు ఒక తీగ తెంపితే పొడుగు కడ్డీ కింద పడడం మొదలవుతుంది. రెండో తీగ తెంపితే పొట్టి కడ్డీ పడి ఒక కత్తిని వదులుతుంది. ఆ కత్తి, పడుతున్న పొడుగు కడ్డీ మీద గాటు పెడుతుంది. గాటు ఎక్కడ పడిందో చూసి వేగం లెక్కగట్టేవాళ్ళు. ఎంత ఓపికండీ! ఎక్కడికో వెళ్ళిపోయాను చూడండి. అన్నయ్యగారి దగ్గరికొద్దాం.

ఇవాళ కొట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది వెలుతురుని చూసేది. డబ్బాకి ముందొక కన్ను, వెనకొక కన్ను. బుల్లెట్ పైనుంచి పోతూ మొదటి కంటికి అడ్డొచ్చింది మొదలు, రెండో కంటికి అడ్డొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో చూస్తుంది. రెండు కళ్ళ మధ్య రెండడుగులుందనుకోండి, 2,800 అడుగుల వేగంతో పోయే బుల్లెట్‌కి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. వంద డాలర్ల చుట్టుపక్కల వచ్చేస్తుంది, అదొక్కటీ సుఖం. మబ్బు పడితే అలుగుతుంది. ఎండ నేరుగా కళ్ళలో పడితే అలుగుతుంది. ఇండోర్ రేంజ్‌లో ట్యూబ్‌లైట్ల కింద పెడితే, పేల్చని బుల్లెట్ని కూడా చూశానంటుంది.

పైగా దాన్ని గొట్టం మూతికి పది పదిహేను అడుగుల ముందు పెట్టాలి. దగ్గర పెడితే పేలుడు అదురుకే తప్పుడు అంకె చెబుతుంది. ముందు పెట్టాలంటే రేంజ్‌లో కాల్పులన్నీ ఆగాలి. ఆఫీసరు 'సీజ్ ఫైర్' అని అరవాలి. అప్పుడు మీ ఆయన స్టాండు భుజానేసుకుని నడిచివెళ్ళి సర్దాలి. వెనక్కొచ్చి చూస్తే అది వంకరగా ఉంటుంది. మళ్ళీ అరుపు, మళ్ళీ నడక. పక్క బెంచీల వాళ్ళు మర్యాదగానే నవ్వుతారు, మొదటిసారి.

ఇక దీనికో జాతకదోషం ఉంది. ఈ డబ్బాలు ముసలై పోయినవి తక్కువ, తూటా తగిలి పోయినవే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. నవ్వకండి, నిజం! స్కోపు గొట్టానికి పైన, రెండంగుళాల దాకా ఎత్తులో ఉంటుంది. స్కోపులోంచి చూస్తే దారంతా ఖాళీ. కింద గొట్టం మాత్రం డబ్బా వైపే చూస్తుంటుంది. పెద్ద పెద్ద ఇంజనీర్లు, రోజంతా ఆఫీసులో కోణాలు లెక్కగట్టేవాళ్ళు, వచ్చి కొడతారు. కొట్టాక పారేయరు కూడా. చిల్లుతో సహా గరాజ్‌లో దాచుకుంటారు. అడిగితే "వేరేవాళ్ళు కొట్టారు" అంటారు. కాస్త తెలిసినవాళ్ళు పైన నీడ తెరల్ని నిలబెట్టే లోహపు కడ్డీలు తీసేసి సన్నటి చెక్క పుల్లలు పెట్టుకుంటారు, తగిలితే పుల్లతో పోతుందని.

ఈ జాతిలోనే ఒక పెద్దమనిషి ఉన్నాడు. మన ఆస్టిన్‌లోనే, ఓహ్లర్ వాళ్ళ 35పీ. రెండు కళ్ళు చాలవని మూడు పెట్టారు. ఒకే బుల్లెట్‌ని రెండుసార్లు కొలుచుకుంటుంది. రెండు లెక్కలూ కలవకపోతే ఈ అంకె అనుమానమేనని తనే చెప్పేస్తుంది. కాగితం మీద అచ్చేసి చేతిలో పెడుతుంది కూడా. తన మాట మీద తనకే అనుమానం ఉన్నవాళ్ళంటే నాకు గౌరవమండీ. మనుషుల్లో ఎంతమందిని చూశాం అలాంటివాళ్ళని?

రెండో రకం గొట్టానికే కట్టుకునేది. మ్యాగ్నెటోస్పీడ్ అంటారు, అదీ ఆస్టిన్ వాళ్ళదే. గొట్టం మూతి కింద ఒక బద్దలాంటిది ముందుకు పొడుచుకొస్తుంది. దాని పైనుంచి లోహం పోతుంటే లోపలి సెన్సర్లు పసిగడతాయి. ఎండతో గొడవ లేదు, నడక లేదు, సీజ్ ఫైర్ లేదు. కానీ మూతికి బరువు కట్టాక గొట్టం అదిరే తీరు మారిపోతుంది, చిల్లు ఇంకోచోట పడుతుంది. అందుకని వేగం చూసే తూటాలు వేరు, గురి చూసే తూటాలు వేరు. ఈ రోజుల్లో తూటాల ధర అన్నయ్యగారు మీకు చెప్పారా? చెప్పలేదా? అయితే నేనూ చెప్పను.

మూడోది రాడార్. ఇది తరంగాలు పంపుతుంది. పోతున్న బుల్లెట్‌కి తగిలి తిరిగొచ్చినవి ఎంత మారి వచ్చాయో చూసి వేగం చెబుతుంది. బల్ల మీద పక్కనే కూర్చుంటుంది గనక దాన్ని కాల్చడం కాస్త కష్టం. కష్టమే అన్నాను, అసాధ్యమనలేదు. కెనడా వాళ్ళ ల్యాబ్‌రాడార్ పదేళ్ళ కిందటే వచ్చింది, నారింజ రంగు పలక. దాన్ని టార్గెట్ వైపు జాగ్రత్తగా గురిపెట్టాలి. బ్యాటరీలు బాగా తింటుంది. పక్క బెంచీ పేలుడుకి కూడా ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది. 2023 చివర్లో గార్మిన్ వాళ్ళు, అదే, చేతి గడియారాల గార్మిన్, జీరో సీ1 ప్రో అని ఒకటి తెచ్చారు. అరచేతిలో పట్టేస్తుంది. వచ్చినప్పుడు 600 డాలర్లు. బల్ల మీద పెట్టి, బుల్లెట్ బరువు చెప్పి, అటువైపు తిప్పితే ఇక మన పని మనం చూసుకోవచ్చు. దాన్ని చూసి ఇంకొంతమంది అలాంటివే తక్కువ ధరకి తీశారు.

అంకెలు తేలిగ్గా వచ్చేస్తున్నకొద్దీ మనుషుల వేషాలు చూడాలి మీరు. వేగం సగటు ఒకటే చాలదట, ఒక్కో తూటాకీ ఎంత తేడా వస్తోందో కూడా చూడాలట. అది నిజమేలెండి. పాలబ్బాయి ఒకరోజు ఆరింటికి, ఒకరోజు ఏడింటికి వస్తే సగటు ఆరున్నరే, కానీ మన కాఫీకి దిక్కెవరు? ఈ తేడాని కొలిచే అంకెని ఎస్‌డీ అంటారు. అది ఎంత తక్కువైతే రేంజ్‌లో అంత మర్యాద. అందుకని కొందరు ఐదు తూటాలు పేలుస్తారు. ఎస్‌డీ చక్కగా వస్తే అక్కడితో ఆపి, ఫోటో తీసి, ఊరందరికీ పంపుతారు. బాగా రాకపోతే "అదొక్కటీ చేతి పొరపాటు" అని ఆ అంకె తీసేస్తారు. ఐదు తూటాల ఎస్‌డీకి ఏం విలువండీ, ఇరవై ముప్ఫై కాల్చాక మాట్లాడాలి. అప్పటికి ఆ అందమైన అంకె పాడవుతుందని భయం! ఇంకొకాయన ఆగస్టు ఎండలో తూటాల డబ్బా కార్లోనే వదిలేసి, ఇవాళ వేగం పెరిగిందని సంబరపడిపోయాడు. తూటాలోని మందు వేడెక్కితే వేగం పెరగక ఏం చేస్తుంది? జనవరిలో మళ్ళీ కొలిస్తే మొహం మాడింది.

ఇప్పుడు మీరడుగుతారు, ఏది కచ్చితంగా చెబుతుందని. అన్నయ్యగారూ అదే వెతుకుతున్నారు, విన్నానుగా. సరిగ్గా పెడితే మూడూ మన అవసరానికి సరిపడా నిజమే చెబుతాయి. తిరకాసంతా ఆ 'సరిగ్గా పెడితే'లోనే ఉంది. కాబట్టి మిషన్ సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చెప్పండి. టీవీ రిమోట్ పనిచేయకపోతే ఆయన బ్యాటరీ మారుస్తారా, అరచేతి మీద కొడతారా? ఇకియా బల్ల బిగించేటప్పుడు ముందు కాగితం చదువుతారా, చివర్లో మిగిలిన మరలు చూసి చదువుతారా? ఓపికగా చదివే మనిషైతే వంద డాలర్ల డబ్బా చాలు, మిగిలిన డబ్బుతో తూటాలు కొనుక్కోమనండి. రైఫిల్ ఒక్కటే ఉండి, ఏడాదికోసారి వేగం తెలిస్తే చాలనుకుంటే గొట్టానికి కట్టేది. చిరాకు మనిషైతే, లేదా ఎప్పుడూ కిటకిటలాడే పబ్లిక్ రేంజ్‌కి వెళ్తుంటే, మారుమాట లేకుండా రాడార్. కచ్చితత్వం కోసం కాదు, మీ ఇంట్లో ప్రశాంతత కోసం.

ఇంకో మాట కూడా వినండి, ఇది కొట్టువాళ్ళు చెప్పరు. ఒక రైఫిల్‌కి ఒక తూటా కుదిరి వేగం తేలిపోయాక, ఇది ఎక్కువగా అల్మారాలోనే ఉంటుంది. మన వీధిలోనే రేంజ్‌కి వెళ్ళే తెలుగువాళ్ళు నలుగురున్నారు. నలుగురూ కలిసి ఆ 600 డాలర్లది ఒకటి కొనుక్కుంటే తలా నూట యాభై. వాటా లెక్క నేను కట్టగలను. కొన్నాక అది ఎవరింట్లో ఉండాలన్నదే అసలు తగువు. దానికి మాత్రం మా ఇల్లే మేలండీ, మా గరాజ్ మీదానికన్నా కాస్త సర్ది ఉంటుందిగా!