ఎనిమిదే ఫొటోలు

మా వంటింటి కిటికీ పక్కన పాత పోలరాయిడ్ 600 కెమెరా ఉంటుంది. నాలుగేళ్ల కిందట ఇక్కడ బోస్టన్ శివారులో, ఒకరి ఇంటిముందు పాత సామాన్లు అమ్ముతుంటే కొన్నాను. పనిచేస్తుందో లేదో అమ్మినాయనకీ తెలియదు. బ్యాటరీ ఫిల్మ్ డబ్బాలోనే ఉంటుంది కనుక, కొత్త డబ్బా పెట్టగానే గర్రుమంటూ లేచింది. ఆ చప్పుడు నాకెంత నచ్చిందో!

డబ్బాకి 8 ఫొటోలే. ఒక్కోటి రెండు డాలర్ల పైమాటే. అందుకని నొక్కేముందు ఆగుతాను, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూస్తాను. ఎదుటివాళ్లని నాలుగడుగుల దూరంలో నిలబెడతాను. ఇంకా దగ్గరైతే మసక. నొక్కాక రెండు రోలర్లు ఫొటోని నలుపుతూ బయటికి నెడతాయి. కింది తెల్ల అంచులో ఉన్న రసాయనాల తిత్తి చిట్లి, ఆ ముద్ద లోపలంతా పరుచుకుంటుంది. ఫొటోని విసనకర్రలా ఊపకూడదు. బోర్లించి, వెలుతురు తగలకుండా పావుగంట ఆగాలి. 13 డిగ్రీల కంటే చలిగా ఉంటే రంగులు నీలంగా పాలిపోతాయి కాబట్టి, జనవరిలో కోటు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకుంటాను.

ఈ కెమెరా పుట్టిల్లు మా ప్రాంతమే. తన ఫొటో అప్పుడే ఎందుకు చూడకూడదని 1943లో చిన్న కూతురు అడిగిన ప్రశ్నతో పోలరాయిడ్ కంపెనీ స్థాపకుడు ఎడ్విన్ ల్యాండ్ ఆలోచన మొదలైంది. 1948 నవంబరులో బోస్టన్‌లోని జోర్డాన్ మార్ష్ దుకాణంలో తొలి కెమెరాలు అమ్మారు. అప్పట్లో నిమిషంలో ఫొటో వచ్చేది. 2008లో కంపెనీ ఫిల్మ్ ఆపేశాక, నెదర్లాండ్స్‌లోని ఫ్యాక్టరీని నిలబెట్టినవాళ్లు రసాయనాలను మళ్లీ మొదటినుంచి కూర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పటి ఆలస్యం అందువల్లే. నాకు ఆ ఎదురుచూపే ఇష్టం.

దీనికి నెగెటివ్ ఉండదు. ఒకరికి ఇచ్చామంటే ఇచ్చేసినట్టే. కిందటి వేసవిలో అమ్మ తణుకు నుంచి వచ్చినప్పుడు, కుచ్చిళ్లు ఎగదోపి పెరట్లో గోంగూర కోస్తుంటే ఒకటి తీశాను. ఫోన్లో అమ్మ ఫొటోలు వందలున్నాయి, ఏదీ అంత బాగా రాలేదు. తెల్ల అంచు మీద బాల్‌పెన్నుతో తారీఖు వేసి, "ఇది నేను పట్టుకెళ్తాను" అంది. ఇచ్చేముందు ఫోనుతో దానికో ఫొటో తీసి ఉంచుకుందామనుకున్నాను గానీ, మనసొప్పలేదు.

ఇప్పుడది తణుకులో, నాన్న ఫొటో ఫ్రేము అంచులో దోపి ఉంది. ఆదివారం వీడియోకాల్‌లో అడిగితే తీసి చూపిస్తుంది. ట్యూబ్‌లైటు మెరుపు అమ్మ ముఖం మీదే పడుతుంది. గోంగూర కట్ట మాత్రం బాగా కనిపిస్తుంది.